తప్పు రీడ్‌బ్యాక్‌ని పట్టుకోగలిగితేనే అది ఏటీసీ

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మేఘాలు, రన్‌వే లైట్లు, కాక్‌పిట్‌లో స్విచ్‌లు అన్నీ అచ్చం అసలు విమానంలో లాగే ఉంటున్నాయి, రేడియో ఒక్కటే వెనకబడి ఉంది. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లోకి మనతో మాట్లాడే ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, అంటే రేడియోలో విమానాలకి ఆదేశాలిచ్చే కంట్రోలర్ల వ్యవస్థ) వచ్చింది ఫ్లైట్ సిమ్యులేటర్ 2002తో. అప్పటి నుంచి పద్ధతి పెద్దగా మారలేదు. తెర మీద ఓ చిన్న విండో, అందులో 1, 2, 3 అంటూ వాక్యాలు, ఏదో ఒక అంకె నొక్కితే మన బదులు కంప్యూటరే పైలట్ గొంతుతో ఆ వాక్యం చదివేస్తుంది. 2020 వెర్షన్‌లో అజూర్ క్లౌడ్‌లో తయారయ్యే కంప్యూటర్ గొంతులు పెట్టడంతో కంట్రోలర్ మాట బాగా సహజంగా తయారైంది గానీ, ఇటువైపు కూర్చున్నవాళ్లు మాత్రం అంకెలు నొక్కుతూనే ఉన్నారు.

దీంతో పోయేది రేడియోలోని అసలు పని. దిగుతున్న విమానానికి కంట్రోలర్ ఒకే ఊపులో హెడింగ్ (దిశ), లెవెల్ (ఎత్తు), స్పీడ్ మూడూ చెప్పేస్తారు. పైలట్ వాటిని విని, గుర్తుపెట్టుకుని, వరస తప్పకుండా తిరిగి చెప్పాలి (దీన్నే రీడ్‌బ్యాక్ అంటారు), ఈలోపు చెయ్యి నాబ్ మీద ఉండాలి, కన్ను పరికరాల మీద ఉండాలి. మెనూలో జవాబు ముందే రాసి ఉంటుంది కాబట్టి కంట్రోలర్ ఏమన్నారో సగం వినకపోయినా బండి నడిచిపోతుంది. విమానం నడపడం బాగానే వచ్చినా మొదటిసారి రేడియో బటన్ నొక్కగానే నోరు పెగలకపోవడం, గొంతులో టెన్షన్ తెలిసిపోవడం కొత్త పైలట్లకి మామూలే. ఆ కష్టాన్ని ఇంట్లో అలవాటు చేసుకునే అవకాశాన్ని మెనూ తీసేస్తుంది.

అందుకే మాట గుర్తించే సాఫ్ట్‌వేర్‌ని సిమ్యులేటర్‌కి తగిలించే ప్రయత్నాలు చాలాకాలంగా జరుగుతున్నాయి. వాక్స్ఏటీసీ, పైలట్2ఏటీసీ లాంటివి విండోస్‌లో ఉన్న స్పీచ్ ఇంజిన్‌నే వాడుకున్నాయి. వాయిస్‌అటాక్ ఇంకా తేలిక పని చేస్తుంది, మనం ఒక మాట అంటే దానికి కేటాయించిన కీ తానే నొక్కుతుంది. ఇప్పుడు సేఇంటెన్షన్స్, బియాండ్ఏటీసీ లాంటివి న్యూరల్ నెట్‌వర్క్‌లతో, పెద్ద భాషా మోడళ్లతో వచ్చాయి. వీటి గురించి మాట్లాడుకునేటప్పుడు ఎక్కువగా వినిపించేది గొంతు ఎంత సహజంగా ఉంది, మన యాసని ఎంతవరకు పట్టింది అనే రెండు మాటలే. అవీ ముఖ్యమే. కానీ ఏటీసీ అనేది పుట్టిందే రెండు వైపులా తప్పులు పట్టుకోవడానికి కాబట్టి, పైలట్ తప్పు చెప్పినప్పుడు ఈ ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుంటుందా లేదా అన్నదాన్ని బట్టే దీన్ని తూచాలి.

పైకి చూస్తే మెషీన్‌కి ఇంతకంటే తేలికైన భాష దొరకదు. ఏటీసీ మాటలో పదాలు కొన్ని వందలు, వరస ఖాయం, కాల్‌సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు) ఎక్కడ రావాలో తెలుసు, అక్షరాలని అల్ఫా, బ్రావో, చార్లీ అని పలకాలని ప్రపంచమంతా ఒప్పుకుంది. మామూలు సంభాషణలో ఉండే దాటవేతలు, సగం వాక్యాలు ఇక్కడ తక్కువ. సిమ్యులేటర్‌లో ఇంకో వెసులుబాటు కూడా ఉంది, ఇంట్లో కూర్చుని హెడ్‌సెట్ మైక్‌లో మాట్లాడుతున్నాం కాబట్టి గొంతు శుభ్రంగా వెళ్తుంది, అసలు రేడియోలో ఉండే గరగర, ఇంజిన్ హోరు ఉండవు.

మరి కష్టం ఎక్కడుందంటే అంకెల్లో. కంట్రోలర్ "ఐఫ్లై టూ వన్ సెవెన్, డిసెండ్ టు ఫ్లైట్ లెవెల్ వన్ త్రీ జీరో" అన్నారనుకుందాం (ఐఫ్లై అంటే ఇండిగో విమానాల కాల్‌సైన్, ఫ్లైట్ లెవెల్ 130 అంటే సుమారు 13,000 అడుగులు). పైలట్ ఇదే తిరిగి చెప్తే 11 మాటలు. అందులో పదింటిని సాఫ్ట్‌వేర్ సరిగ్గా పట్టుకుని ఒక్కదాన్ని తప్పు పట్టుకుంటే లెక్క ప్రకారం 91 శాతం కరెక్టు. సినిమా సబ్‌టైటిల్స్‌కో, మీటింగ్ నోట్స్‌కో అయితే దీంతో సర్దుకుపోవచ్చు. ఇక్కడ ఆ ఒక్క మాట "త్రీ" అయి, అది "వన్" అని వినబడితే విమానం 2,000 అడుగులు కిందికి వెళ్లిపోయినట్టు. అదే పొరపాటు "డిసెండ్" దగ్గర జరిగితే దాదాపు ఏ నష్టమూ లేదు, సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది. క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపే ఆల్టీమీటర్‌లో పెట్టుకోవాల్సిన గాలి పీడనం అంకె) కూడా ఇంతే, 1008 బదులు 1018 అని ఆల్టీమీటర్‌లో పెట్టుకుంటే సూది దాదాపు 270 నుంచి 300 అడుగులు ఎక్కువ చూపిస్తుంది, అంటే విమానం అనుకున్నదానికంటే అంత కిందుంటుంది. అందుకే ఈ రంగంలో పరిశోధన చేసేవాళ్లు పదాల లెక్క పక్కనపెట్టి, మొత్తం ఆదేశం సరిగ్గా అందిందా లేదా అని చూస్తారు.

ఇది మెషీన్లకే ఉన్న బలహీనత అనుకుంటే పొరపాటు. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్‌లో దిగబోతున్న ఫ్లయింగ్ టైగర్ 66 అనే బోయింగ్ 747 సరుకు విమానానికి కంట్రోలర్ 2,400 అడుగులకి దిగమని చెప్పే క్రమంలో "డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో" అన్నారు. కాక్‌పిట్‌లో ఆ "టూ" అనేది అంకెలా వినబడలేదు, "ఫోర్ జీరో జీరోకి దిగండి" అన్నట్టు వినబడింది. కెప్టెన్ "ఓకే, ఫోర్ జీరో జీరో" అని జవాబిచ్చారు. 400 అడుగులు. ఆ జవాబు తప్పని అటువైపు ఎవరూ అనలేదు. విమానం రన్‌వే చేరకముందే కొండని ఢీకొని అందులోని నలుగురూ చనిపోయారు. ఆ ప్రమాదానికి వేరే కారణాలూ ఉన్నాయి, కాక్‌పిట్‌లో నేల దగ్గరవుతోందని అలారం మోగినా పట్టించుకోలేదు. కానీ రేడియో వరకే చూస్తే, తప్పు వినడం ఒక్కసారే జరిగింది, దాన్ని సరిచేసే అవకాశం ఆ జవాబులో స్పష్టంగా వచ్చింది, అది అలాగే జారిపోయింది.

రీడ్‌బ్యాక్, హియర్‌బ్యాక్ అనే జంట నియమం ఉన్నది సరిగ్గా దీనికోసమే. రన్‌వే మీదికి వెళ్లడం, దాటడం, దాని ముందు ఆగడం, టేకాఫ్, ల్యాండింగ్ క్లియరెన్సులు (అనుమతులు), వాడుకలో ఉన్న రన్‌వే, ఆల్టీమీటర్ సెట్టింగ్, ట్రాన్స్‌పాండర్ కోడ్ (రాడార్‌లో విమానాన్ని గుర్తించే అంకెలు), లెవెల్, హెడింగ్, స్పీడ్, వీటిని పైలట్ తప్పనిసరిగా తిరిగి చెప్పాలి, కంట్రోలర్ తప్పనిసరిగా వినాలి, తేడా ఉంటే అప్పుడే "నెగటివ్" అని సరిచేయాలి. చెప్పడం అలవాటైన విషయాన్ని వినడం కష్టం, అనుకున్న జవాబే వినబడినట్టు అనిపిస్తుంది. ఆ పని మెషీన్‌కి అప్పజెప్పేటప్పుడు మనిషికున్న అదే జబ్బు దానికి అంటించకుండా చూసుకోవాలి, కొత్త తరం సాఫ్ట్‌వేర్‌లో సమస్య సరిగ్గా ఇక్కడే ఉంది. దాని కంటే ముందు పాత తరం సంగతి.

విండోస్ స్పీచ్ ఇంజిన్‌తో పనిచేసే ప్రోగ్రాములు మన మాట మొత్తాన్ని అక్షరం అక్షరం రాసుకోవు. వాటి దగ్గర ఒక గ్రామర్ ఉంటుంది, అంటే ఈ క్షణంలో పైలట్ అనగలిగిన వాక్యాల జాబితా. ఉదాహరణకి విమానం శంషాబాద్‌లో 09 రైట్ అనే రన్‌వే హోల్డింగ్ పాయింట్ (రన్‌వే ఎక్కేముందు ఆగే చోటు) దగ్గర ఆగి ఉందనుకుందాం. అక్కడ పైలట్ అనదగ్గవి చాలా తక్కువ: రెడీ అని చెప్పడం, లైనప్ (రన్‌వే మీదికి వచ్చి నిలబడే) క్లియరెన్స్ తిరిగి చదవడం, టేకాఫ్ క్లియరెన్స్ తిరిగి చదవడం, ఇంకొంచెం టైం కావాలనడం, మళ్లీ చెప్పమనడం. ఇంజిన్ మన గొంతుని ఆ కొద్ది వాక్యాలతోనే పోల్చి ఏది దగ్గరగా ఉందో చెప్తుంది, దాంతోపాటు ఎంత నమ్మకంగా చెప్తోందో సున్నా నుంచి ఒకటి మధ్యలో ఒక స్కోరు ఇస్తుంది. స్కోరు ఒక గీత కిందికి పడిపోతే ప్రోగ్రామ్ "సే అగైన్" అంటుంది.

ఈ పద్ధతిలో ఒక నిజాయితీ ఉంది. ఇప్పుడు పైలట్ ఏం చెప్పాలో ప్రోగ్రామ్‌కి కచ్చితంగా తెలుసు, కాబట్టి చెప్పింది దానితో కలవకపోతే కలవలేదనే అంటుంది. బలహీన ఇంజిన్ కూడా పది పదిహేను వాక్యాల్లో ఒకటి ఎంచుకోమంటే బాగానే ఎంచుకుంటుంది. చిక్కల్లా జాబితాలో లేని మాట అంటే వస్తుంది. "రిక్వెస్ట్" ముందు ఒక "అండ్" పడినా, కాల్‌సైన్ చివర్లో చెప్పాల్సింది మొదట్లో చెప్పినా, మధ్యలో ఒక "అ..." వచ్చినా స్కోరు పడిపోయి మళ్లీ మళ్లీ "సే అగైన్" వినాల్సి వస్తుంది. ఫైనల్ అప్రోచ్‌లో, అంటే దిగే ముందు చివరి దశలో, మూడోసారి అదే వాక్యం అరుస్తూ రన్‌వే మిస్సయిన అనుభవం ఈ ప్రోగ్రాములు వాడిన చాలామందికి ఉంటుంది. గ్రామర్ రాసినవాళ్లు ఊహించని పరిస్థితి, అంటే ఒక ప్రయాణికుడికి గుండెనొప్పి, దారిలో పెద్ద మేఘం, వీటికి అందులో చోటు ఉండదు.

ఇక యాస. స్పీచ్ ఇంజిన్ డిఫాల్ట్‌గా అమెరికన్ ఇంగ్లీష్‌లో ఉంటుంది, తెలుగువాళ్ల ఇంగ్లీష్‌లో దానికి తడబాటు తెప్పించే చోట్లు కొన్ని స్పష్టంగా ఉన్నాయి. మనకి విక్టర్‌లో ఉన్న వ, విస్కీలో ఉన్న వ ఒకటే, ఇంగ్లీష్‌లో అవి వేరు వేరు ధ్వనులు. జీరో, జులూ అన్నప్పుడు మన జ వాళ్ల జెడ్ ధ్వనికి దూరంగా ఉంటుంది. తొందరలో "లెఫ్ట్" కాస్తా "లెఫ్టు", "రైట్" కాస్తా "రైటు" అయి చివర ఒక అచ్చు చేరుతుంది, "ఎయిట్" ముందు చిన్న య వచ్చి "యెయిట్" అవుతుంది. పక్కనున్న మనిషికి ఇవేవీ అడ్డంకులు కావు. గ్రామర్‌తో పోల్చే ఇంజిన్‌కి మాత్రం ఒక్కొక్కటీ స్కోరులో కొంత కోత.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో అంకెలకి ఇచ్చిన ఉచ్చారణ అమెరికన్ ఇంగ్లీష్‌లా ఉండదు: మూడుకి "ట్రీ", నాలుగుకి "ఫోవర్", ఐదుకి "ఫైఫ్", తొమ్మిదికి "నైనర్", వెయ్యికి "టౌసండ్". ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లు కూడా గరగరలాడే రేడియోలో తేడా లేకుండా పలకాలనీ వినాలనీ పెట్టిన ఉచ్చారణలివి. అంటే తెలుగు పైలట్ నియమం ప్రకారం "ట్రీ" అంటే అది సరైన రేడియో ఉచ్చారణ, దాన్ని చెట్టు అని రాసుకునే ఇంజిన్‌దే లోపం. ఏటీసీ కోసమే చేసిన ప్రోగ్రామ్ ఈ ఉచ్చారణలన్నిటినీ అంకెలుగా తీసుకోగలగాలి. విండోస్‌లో స్పీచ్ రికగ్నిషన్‌కి ఇంగ్లీష్ (ఇండియా) కూడా ఉంది, చాలామంది దాన్ని ఎంచుకోకుండానే అమెరికన్ సెట్టింగ్‌తో కుస్తీ పడుతుంటారు. మార్చుకుని, గొంతు శిక్షణ భాగం కూడా ఓపిగ్గా పూర్తి చేస్తే పాత తరం ప్రోగ్రాముల్లో కూడా తేడా బాగా తెలుస్తుంది. అమెరికన్ యాసని అనుకరించే ప్రయత్నం మాత్రం వద్దు, అంకెకీ అంకెకీ మధ్య సమానమైన ఎడం ఇస్తూ నిదానంగా పలకడం దానికంటే ఎక్కువ పనిచేస్తుంది, అసలు రేడియోలో కూడా అదే పనికొస్తుంది.

2022 సెప్టెంబర్‌లో ఓపెన్ఏఐ మాటని రాతగా మార్చే విస్పర్ అనే మోడల్‌ని అందరికీ విడుదల చేశాక పరిస్థితి మారింది. 6,80,000 గంటల ఆడియో మీద నేర్చుకున్న మోడల్ అది, యాసల సంగతిలో పాత ఇంజిన్లకీ దీనికీ పోలికే లేదు. ముందే జాబితా ఇవ్వక్కర్లేదు, ఏమన్నా రాసుకుంటుంది. ఆ రాతని ఒక భాషా మోడల్‌కి ఇస్తే పైలట్ ఉద్దేశం ఏమిటో తేల్చి చెప్తుంది, జవాబుని సహజమైన గొంతుతో ఇంకో మోడల్ పలుకుతుంది. మూడు ముక్కలూ కలిపితే కొత్త తరం సిమ్యులేటర్ ఏటీసీ.

అయితే ఆ 6,80,000 గంటల్లో ఎక్కువ భాగం ఇంటర్నెట్‌లో దొరికిన మామూలు మాటలు. రేడియో సంభాషణని మాట మాటకీ రాసి పెట్టిన సేకరణలు దీనితో పోలిస్తే చాలా చిన్నవి. డల్లాస్, బోస్టన్, వాషింగ్టన్ విమానాశ్రయాల నుంచి రికార్డు చేసి 1994లో విడుదల చేసిన పేరున్న సేకరణ దాదాపు 70 గంటలు. యూరప్‌లో చేసిన ఏటీకోసిమ్ అనేది 10 గంటలు, అందులో మాట్లాడినది పదిమంది కంట్రోలర్లే. కాబట్టి మామూలు మోడల్‌కి ఏటీసీ భాష పరాయి భాషే. "టూ", "టు", "ఫోర్", "ఫర్" ఎక్కడ అంకెలో ఎక్కడ కావో అది ఊహిస్తుంది. విడి విడిగా చెప్పిన అంకెల్ని కలిపేసి పెద్ద సంఖ్యగా రాసేస్తుంది. కాల్‌సైన్ అంకెలూ, ఆ వెంటనే వచ్చిన లెవెల్ అంకెలూ ఒకే సంఖ్యలో కలిసిపోతే ఆ తర్వాత విడదీయడం పెద్ద తలనొప్పి. ఇంకో ఇబ్బంది ఏమిటంటే విస్పర్ వినబడని చోట కూడా ఏదో ఒకటి రాయగలదు. బటన్ నొక్కి ఏమీ మాట్లాడకపోతే, వీడియోల చివర చెప్పే థాంక్యూ మాటల్లాంటివి దానంతట అదే రాసిన సందర్భాలు అందరికీ తెలిసినవే. ఏమీ వినబడనప్పుడు ఏమీ వినబడలేదనే జవాబు రావాలి, ఏటీసీలో దీనికి రెండో మాట లేదు.

దీనికి మందు పాత తరంలోనే ఉంది, సందర్భం. జర్మనీ అంతరిక్ష, విమానయాన పరిశోధన సంస్థ డీఎల్ఆర్, సార్లాండ్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన ఆక్‌లిస్టెంట్ అనే ప్రాజెక్టులో రాడార్‌లో ఇప్పుడు ఏ విమానాలున్నాయి, వాటికి తర్వాత ఏ ఆదేశాలు వచ్చే అవకాశం ఉంది అన్న సమాచారాన్ని స్పీచ్ ఇంజిన్‌కి ముందే అందించి తప్పుల్ని బాగా తగ్గించారు. అసలు విమానాశ్రయంలో ఈ సమాచారం సేకరించడం పెద్ద పని. సిమ్యులేటర్‌లో అదంతా కంప్యూటర్ చేతిలోనే ఉంటుంది, చుట్టూ ఉన్న ప్రతి విమానం కాల్‌సైన్, మన ఎత్తు, మన ఫ్లైట్ ప్లాన్‌లోని ప్రతి వేపాయింట్ (దారిలో పేరు పెట్టిన గుర్తు), ఇప్పుడే ఇచ్చిన క్లియరెన్స్. ఇంత సమాచారం అందుబాటులో ఉండి కూడా కాల్‌సైన్ తప్పు పట్టుకునే ప్రోగ్రామ్‌కి సాకు లేదు.

భాషా మోడల్ వల్ల నిజంగా లాభపడిన చోట్లు కూడా ఉన్నాయి. పైలట్ మధ్యలో తడబడి "ఫ్లైట్ లెవెల్ వన్ వన్ జీరో, కరెక్షన్, వన్ త్రీ జీరో" అంటే గ్రామర్ పద్ధతి చేతులెత్తేసేది, ఇప్పుడది సాఫీగా వెళ్లిపోతుంది. మేఘాన్ని తప్పించుకోవడానికి ఇరవై మైళ్లు ఎడమకి వెళ్తాం అని అడగొచ్చు, ఇంధనం తక్కువుందని చెప్పొచ్చు. అత్యవసర పరిస్థితుల్లో తడుముకోకుండా మాట్లాడటం సాధన చేయడానికి ఇంతకుముందు మనిషి తోడు లేకుండా మార్గమే లేదు.

కానీ ఈ మోడళ్ల స్వభావంలోనే ఒక మెతకతనం ఉంది. అవతలి మనిషి ఏమనబోయారో ఊహించి, సర్దుకుని, సంభాషణ ముందుకు నడిపించడానికే అవి తయారయ్యాయి. 130 ఇస్తే పైలట్ 110 అని చదివినప్పుడు, పైలట్ ఉద్దేశం క్లియరెన్స్‌ని ఒప్పుకోవడమే కదా అని తేల్చేసి ముందుకు సాగిపోయే ప్రమాదం వాటితో ఎక్కువ. మాటల్ని వినే భాగమే సందర్భం చూసి 110ని 130గా సరిదిద్దేస్తే మరీ ఘోరం, అప్పుడు తప్పు జరిగినట్టు ప్రోగ్రామ్‌లో ఎక్కడా ఆనవాలు కూడా మిగలదు. కాబట్టి సందర్భాన్ని కాల్‌సైన్లకీ వేపాయింట్ పేర్లకీ వాడుకోవాలి గానీ, రీడ్‌బ్యాక్‌లోని అంకెల జోలికి దాన్ని రానివ్వకూడదు. ఇచ్చిన క్లియరెన్స్‌ని అంకెల రూపంలో విడిగా దాచిపెట్టి, పైలట్ చెప్పిన అంకెల్ని దానితో ముక్కు సూటిగా పోల్చే చిన్న పాతకాలపు కోడ్ ఆ పని చేయాలి, అందులో భాషా మోడల్ అభిప్రాయానికి చోటు ఉండకూడదు. అలాగే రన్‌వే ఖాళీగా ఉందా లేదా చూసి టేకాఫ్‌కి అనుమతి ఇచ్చే నిర్ణయం కూడా.

మెతకతనానికి రోజూ కనిపించే ఇంకో ఉదాహరణ "రెడీ ఫర్ టేకాఫ్". 1977 మార్చి 27న టెనెరీఫ్‌లో కేఎల్ఎం, పాన్ఆమ్ జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టిన కేఎల్ఎం విమానం నుంచి వచ్చిన మాట "వీ ఆర్ నౌ ఎట్ టేకాఫ్". దాన్ని టవర్‌లో టేకాఫ్ కోసం సిద్ధంగా ఉన్నామన్న అర్థంలో తీసుకున్నారు. కంట్రోలర్ "ఓకే" అన్నాక ఆగి ఉండమని చెప్పిన మాట, అదే క్షణంలో పాన్ఆమ్ పలికిన మాట ఒకదాని మీద ఒకటి పడి కాక్‌పిట్‌లో కీచుమనే శబ్దంగా వినబడ్డాయి. ఆ తర్వాత టేకాఫ్ అనే మాటని అనుమతి ఇవ్వడానికీ, దాన్ని తిరిగి చదవడానికీ, రద్దు చేయడానికీ మాత్రమే వాడాలని, మిగతా చోట్ల "డిపార్చర్" అనాలని నియమం వచ్చింది. ఐకావో పద్ధతిలో హోల్డింగ్ పాయింట్ దగ్గర అనాల్సింది "రెడీ ఫర్ డిపార్చర్". ప్రోగ్రామ్ "రెడీ ఫర్ టేకాఫ్"ని మాట్లాడకుండా ఒప్పేసుకుంటే ఆ మాటే నోటికి అలవాటవుతుంది. ప్రోగ్రామ్‌ని ఫ్లైట్ మధ్యలో ఆపి మందలించమని ఎవరూ అనరు, ఫ్లైట్ అయ్యాక ఒక రిపోర్టులో ఇలాంటివి ఎత్తి చూపించినా చాలు.

వేగం సంగతి కూడా చూడాలి. బటన్ వదిలాక మాట రాతగా మారాలి, దాని అర్థం తేలాలి, జవాబు తయారవ్వాలి, గొంతు పుట్టాలి. రద్దీ ఫ్రీక్వెన్సీలో అసలు కంట్రోలర్ వెంటనే అందుకుంటారు, ఇక్కడ నాలుగైదు సెకన్లు గ్యాప్ వస్తే ఈలోపు విమానం వెళ్లాల్సిన మలుపు దాటేస్తుంది. ఇంట్లో కంప్యూటర్ మీదే నడిపిద్దామంటే గ్రాఫిక్స్ కార్డుని సిమ్యులేటరే పూర్తిగా తినేస్తోంది, పక్కన 155 కోట్ల పారామీటర్ల పెద్ద విస్పర్‌ని నడిపితే ఫ్రేములు పడిపోతాయి. 24.4 కోట్ల పారామీటర్ల చిన్న రకాన్ని ప్రాసెసర్ మీద నడపడం ఒక రాజీ. క్లౌడ్‌కి పంపితే కంప్యూటర్‌కి భారం తగ్గుతుంది, నెట్ మీద ఆధారపడటం, నెలనెలా చందా వచ్చి చేరతాయి. సేఇంటెన్షన్స్ చందా పద్ధతిలోనే నడుస్తుంది. డాలర్లలో కట్టే చందా మన దగ్గర విద్యార్థికి చిన్న ఖర్చేమీ కాదు.

ఇండియా మీద ఎగిరేవాళ్లకి మరో ఇబ్బంది, చాలా ప్రోగ్రాముల్లో కనిపించే అమెరికన్ అలవాట్లు. అక్కడ ఫ్రీక్వెన్సీలో "పాయింట్" అంటారు, ఐకావో ప్రకారం "డెసిమల్". అక్కడ ఆల్టీమీటర్ అంగుళాల్లో, మన దగ్గర క్యూఎన్‌హెచ్ హెక్టోపాస్కల్స్‌లో. అక్కడ 18,000 అడుగుల దాకా అడుగుల్లోనే మాట్లాడతారు, మన దగ్గర ఫ్లైట్ లెవెల్ అంతకంటే చాలా కిందే మొదలవుతుంది, అదీ విమానాశ్రయాన్ని బట్టి మారుతుంది. శంషాబాద్‌లో దిగుతున్న విమానానికి ఆల్టీమీటర్ అంగుళాల్లో ఇచ్చే ప్రోగ్రామ్ నేర్చుకునేవాళ్లకి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. కొనేముందు ఐకావో పద్ధతి ఎంచుకునే సెట్టింగ్ ఉందో లేదో చూసుకోవాల్సింది ఇందుకే.

మనుషులే కంట్రోలర్లుగా కూర్చునే వ్యాట్సిమ్ అనే ఆన్‌లైన్ నెట్‌వర్క్ 2001 నుంచి ఉచితంగా నడుస్తోంది, దానితో పోల్చదగ్గ ప్రోగ్రామ్ ఇంకా రాలేదు. అవతల స్వచ్ఛందంగా శిక్షణ తీసుకుని కూర్చున్న మనిషి ఉంటారు, తప్పు చెప్తే పట్టుకుంటారు, పక్క విమానం తప్పుల నుంచి కూడా మనం నేర్చుకుంటాం. కాకపోతే మనం ఎగరాలనుకున్న రాత్రి రాజమండ్రిలోనో విజయవాడలోనో ఎవరో ఒకరు ఆన్‌లైన్‌లో ఉంటారన్న హామీ ఉండదు. కొత్తవాళ్లకి అంతమంది వింటుండగా మాట్లాడాలంటే భయం కూడా. ప్రోగ్రామ్ దగ్గర ఒకే క్లియరెన్స్‌ని నోరు తిరిగేదాకా ఎన్నిసార్లయినా అడిగించుకోవచ్చు, ఎవరూ విసుక్కోరు. నోరు తిరిగాక వ్యాట్సిమ్‌లోకి వెళ్లడం మంచి వరస.

స్పీచ్ రికగ్నిషన్ ఈ రంగంలో ఎప్పటి నుంచో గట్టిగా నిలబడిన చోటు ఒకటుంది, అది కంట్రోలర్ల శిక్షణ. టవర్ సిమ్యులేటర్‌లో కంట్రోలర్ విద్యార్థి మాట్లాడుతుంటే, పక్క గదిలో కొందరు కూర్చుని పైలట్లుగా నటిస్తూ జవాబులిస్తూ విమానాల్ని కదిలించడం పాత పద్ధతి. అడాసెల్ లాంటి కంపెనీలు ఆ మనుషుల స్థానంలో స్పీచ్ సాఫ్ట్‌వేర్‌ని పెట్టాయి. అక్కడ మాట్లాడేవాళ్లు నిర్ణీత పదజాలానికి కట్టుబడి మాట్లాడతారు కాబట్టి గ్రామర్ పద్ధతి కూడా బాగా సాగింది, పదజాలం తప్పితే విమానం కదలదు, విద్యార్థికి అదే పాఠం.

మన దగ్గర దీనితో నేరుగా లాభపడగలిగేవాళ్లు పైలట్ శిక్షణలో ఉన్న విద్యార్థులు. బేగంపేటలోనో ఇంకెక్కడో ఎగరడం నేర్చుకుంటూ ఆర్టీఆర్ (విమాన రేడియో వాడటానికి కావాల్సిన) లైసెన్స్‌కి చదివేవాళ్లకి రేడియోలో మాట్లాడి చూపించే భాగం ఎంత భయమో తెలిసిందే. ఇన్నాళ్లూ టెలికాం శాఖ నిర్వహించిన ఆ పరీక్ష 2024 నాటి భారతీయ వాయుయాన్ చట్టంతో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చేతికి వచ్చింది. ఎవరు నిర్వహించినా అందులో అడిగేది ఇదే, విన్నది సరిగ్గా తిరిగి చెప్పగలరా, ప్రమాదంలో ఉన్నప్పుడు మేడే కాల్ వరస తప్పకుండా ఇవ్వగలరా. 2008 మార్చి నుంచి అంతర్జాతీయంగా ఎగిరే పైలట్లకీ, వాళ్లతో మాట్లాడే కంట్రోలర్లకీ ఇంగ్లీష్‌లో కనీసం నాలుగో స్థాయి ఉండాలని ఐకావో పట్టుబడుతోంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన విద్యార్థికి హాస్టల్ గదిలో హెడ్‌సెట్ పెట్టుకుని రోజూ అరగంట మాట్లాడగలిగే తోడు దొరికితే అది చిన్న సాయం కాదు.

వాడేటప్పుడు కొన్ని చిన్న జాగ్రత్తలు పెద్ద తేడా చూపిస్తాయి. మైక్‌ని ఎప్పుడూ తెరిచి ఉంచకుండా జాయ్‌స్టిక్ మీద ఒక బటన్‌ని రేడియో బటన్‌గా పెట్టుకోవాలి. బటన్ నొక్కి, అర క్షణం ఆగి, అప్పుడు నోరు తెరవాలి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది, మొదటి మాటే చాలాసార్లు కాల్‌సైన్. చివరి అంకె పూర్తిగా పలికాకే బటన్ వదలాలి. స్పీకర్లలో సౌండ్ పెట్టుకుంటే ఇంజిన్ హోరు మైక్‌లోకే వచ్చి చేరుతుంది, కాబట్టి హెడ్‌సెట్ తప్పనిసరి. మనం చెప్పింది ప్రోగ్రామ్‌కి ఎలా వినబడిందో తెర మీద రాత చూపించే సెట్టింగ్ ఉంటే మొదట్లో అది ఆన్ చేసుకోవాలి, మన ఏ మాట దగ్గర తడబడుతోందో నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది.

డబ్బు కట్టేముందు ట్రయల్‌లో కావాలనే తప్పులు చేసి చూడాలి. ఇచ్చిన లెవెల్ కాకుండా వేరేది చదవాలి, 09 రైట్ అంటే 09 లెఫ్ట్ అనాలి, క్యూఎన్‌హెచ్‌లో ఒక అంకె మార్చాలి, కాల్‌సైన్ పూర్తిగా వదిలేయాలి, బటన్ నొక్కి ఏమీ మాట్లాడకుండా వదలాలి. మొదటి మూడింటికీ "నెగటివ్" అని వెంటనే సరిచేయాలి, నాలుగోదానికి ఎవరు మాట్లాడారని అడగాలి, ఐదోదానికి నిశ్శబ్దంగా ఉండాలి లేదా "సే అగైన్" అనాలి. గొంతు ఎంత ముచ్చటగా ఉన్నా సరే, లెవెల్ తప్పుని "రోజర్" అని వదిలేసిన ప్రోగ్రామ్‌కి చందా కట్టడం దండగ.